గడప తగిలితే విరిగిన కాలు

మా అమ్మాయికి మూడో ఏడు నడుస్తుండగా కాలు విరిగింది. గడప దాటబోయి తట్టుకుని పడింది, అంతే. నేను అప్పుడు యాడికి అనే ఊళ్లో ప్రైవేటు బడిలో పాఠం చెబుతున్నాను. ఫోన్ రాగానే పరుగెత్తాను. మా అత్త ఒళ్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది, కాలు ముట్టుకోనివ్వడం లేదు.

కారు మాట్లాడుకుని మా ఆయన, అత్త, నేను బిడ్డను పట్నంలో ఆసుపత్రికి తీసుకుపోయాం. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఎక్స్‌రే చూసి నా వైపు తిరిగాడు.

"గడప తగిలి పడితే ఇంత ఎముక విరుగుతుందామ్మా? నిజం చెప్పు, ఎవరు కొట్టారు?"

బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా నన్నే చూశారు.

"ఎవురూ కొట్టలేదు సార్. నేను బడిలో ఉంటి," అన్నాను.

"తల్లివై ఉండి పసిబిడ్డను అలా వదిలేసి పోతావా?"

కొట్టానన్నా నాదే తప్పు, కొట్టలేదన్నా నాదే తప్పు. పక్కనే నిలబడిన మా ఆయనను ఒక్క మాట అడగలేదు. బిడ్డ పడినప్పుడు ఇంట్లో ఉన్న మా అత్త నోరు విప్పలేదు. నాకు ఒళ్లంతా మండిపోయింది.

పిండికట్టు వేశాక పిల్లల డాక్టరమ్మ వచ్చింది. బిడ్డ మణికట్టు తడిమి, నన్నూ తడమమంది. ఎముక చివర బుడిపెలా ఉబ్బి ఉంది. మోకాళ్ల కింద కాళ్లు కాస్త వంగి ఉన్నాయని కూడా చూపించింది.

"ఎండలో ఆడుకుంటుందా?" అని అడిగింది.

ఈసారి అత్త మాట్లాడింది. "ఆడబిడ్డ కదమ్మా, నల్లబడతాదని లోపలే ఉంచుతాండా."

"పాలు తాగుతుందా?"

"టీలో బిస్కెట్టు ముంచి పెడతా. పాలన్నీ డెయిరీకి పోస్తాండాము."

రక్తపరీక్ష చేయించాక డాక్టరమ్మ తేల్చి చెప్పింది. రికెట్స్. ఒంట్లో డి విటమిన్ లేదు, క్యాల్షియం చాలడం లేదు, అందుకే ఎముకలు గట్టిపడలేదు. ఇలాంటి ఎముక విరగడానికి ఎవరూ కొట్టనక్కర్లేదు.

ఏడాదంతా మాడ్చి చంపే ఎండ మాకు. శనక్కాయ చేలు ఎండిపోతాయి, బోర్లు ఎండిపోతాయి. అలాంటి చోట ఎండ చాలక ఒక బిడ్డ కాలు విరిగింది! కొట్టంలో బర్రెలు కట్టేసి ఉంటే ఆ బిడ్డకు గ్లాసెడు పాలు లేవు! బయట తిప్పండి, పాలు పట్టండి అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. "నువ్వొక్కదానివే కన్న్యావా?" అని నా నోరు మూయించారు. కాలు విరిగాక మాత్రం అందరూ నా మొహమే చూశారు.

ఇంటికొచ్చిన మరునాడు పొద్దున్నే మంచం వాకిట్లోకి లాగి బిడ్డను పడుకోబెట్టాను. అత్త గొడుగు పట్టుకొచ్చింది. నేను లాక్కున్నాను.

"అమ్మ ప్రేమతోనే కదా చేసింది," అన్నాడు మా ఆయన.

"ప్రేమతో ఎముక ఇరిగిపోయింది. ఇంగ సాలు," అన్నాను. ఆ పూట పాలు పిండగానే మొదటి గ్లాసు బిడ్డకని నేనే తీసి పెట్టాను.

కట్టు విప్పించడానికి పోతే మళ్లీ ఆ కుర్ర డాక్టరే. మా అమ్మాయితో నవ్వుతూ మాట్లాడాడు. నన్ను గుర్తుపట్టలేదు.

"సార్, నేనీ బిడ్డను కొట్టలేదు," అన్నాను.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. "అడగడం మా డ్యూటీ అమ్మా," అన్నాడు.

"అడగండి సార్. కొట్టేవాళ్లూ ఉండారు, అడగాల్సిందే. కానీ పది మందిలో తల్లిని నిలదీసే ముందు బిడ్డ మణికట్టు ఒకసారి పట్టుకోని చూడండి."

ఆయన కాగితాల్లోకి తల దించుకున్నాడు. క్షమించమని అనలేదు. నేను బిడ్డను చంకనేసుకుని బయటికి వచ్చాను.

మందులు చాలాకాలం వాడాం. కాళ్ల వంపు చాలావరకు పోయింది, ఎముక మళ్లీ విరగలేదు. అత్త ఇప్పుడు తనే గుడ్డు ఉడకబెట్టి పెడుతోంది. అయినా ఆ ఆసుపత్రి బెంచీలు తలచుకుంటే నాకు ఈనాటికీ కోపం దిగదు.