దేవత చేతి గిన్నె

డిగ్రీల ఉన్నప్పుడు సిద్దిపేట లైబ్రరీల ఐర్లాండు పాతకథలు సదివిన. ఆ కథలల్ల నేలనే దేవత. ఆమె తన చేతులతోని గిన్నె అందిస్తేనే మొగోడు రాజయితడు.

ఆ నెలనే ఆడోళ్ళ రిజర్వేషన్ వచ్చి మా చిన్నమ్మ సర్పంచ్ అయింది. మొదటి మీటింగుకు పోయి సూస్తే, సర్పంచ్ కుర్సీల ఆమె మొగడు కూసున్నడు. ఆమేమో అందరికీ చాయ్ పంచుతున్నది! నాకు ఒళ్ళు మండింది.

"చిన్నమ్మా, నువ్వు కప్పు ఇయ్యకుంటే ఆయన రాజే కాడు" అని కథంత చెప్పిన.

ఓపికతోని విన్నది. "కథ మంచిగనే ఉంది గనీ, చాయ్ సల్లారుతుంది" అని పళ్ళెం నాకిచ్చి, మొగడు చూపెట్టిన కాడ సంతకం చెయ్యవోయింది.

చిన్నాయిన నా దిక్కు చెయ్యి చాపిండు.

పండ్లు పటపట కొరుక్కుంట కప్పు అందించిన. నా చేతులతోనే.