కాచి తెచ్చిన నీళ్లు

మా సునందక్క భద్రాచలం దగ్గర ఒక ల్యాబులో పన్నెండేళ్లుగా నీళ్లు పరీక్ష చేస్తోంది. శాంపిల్‌లో బేరియం పొడి కలుపుతుంది. నీళ్లు ఎంత తెల్లబడితే వాటిలో సల్ఫేటు అనే ఉప్పు అంత ఎక్కువ. లీటరుకు నాలుగు వందల మిల్లీగ్రాములు దాటితే ఆఫీసు వాళ్లు బోరుకు ఎర్ర రంగు పూసి మూసేస్తరు.

మంగయ్య అని ఒక పెద్దాయన, ఆయన ఉండే గూడెంలో ఉన్నది ఒక్కటే బోరు. పోయినసారి నాలుగు వందల పది వచ్చింది. మళ్లా చూడమని బతిమాలి ఇంకో సీసా తెచ్చిండు. ఈసారి ఎనిమిది వందలు దాటింది.

"గట్లెట్లయితది బిడ్డా? మంచిగ రావాలని మా ముసల్ది సగమయ్యేదాకా కాచింది!"

"కాస్తే నీళ్లు ఇగురుతయి పెద్దయ్యా, సల్ఫేటు పోదు. ఇంకా చిక్కబడతది."

కాచిన నీళ్లు చెల్లవని అక్క ఆ అంకె కొట్టేసింది. పాత నాలుగు వందల పదే మిగిలింది.

"ఇంకో పది తగ్గియ్యరాదా?"

"నేను తగ్గిస్తే కాగితం మీదనే తగ్గుతది. నీళ్లల్ల తగ్గదు."

"మరి మూసేస్తే ఏం తాగాలె?"

అక్క ఆ కాగితం మీద సంతకం పెట్టింది. మూసేస్తే వాళ్లు వాగులో చెలిమె తవ్వుకొని ఆ బురదనీళ్లు తాగుతరు. వాటిని పరీక్షకు ఎవరూ తేరు. ఆ సంగతి అక్కకూ తెలుసు.