మేనత్త నడిచిన నీటి హద్దు

శంషాబాద్‌లో మా కాలనీ లేచిన నేల ఒకప్పుడు కుంట కింద పారిన వరిపొలం. అందులో కొంత మాది. దాన్ని అమ్మేనాటికి నేను రాజేంద్రనగర్‌లో టీచరుగా చేరాను కాబట్టి నాకు పెద్ద లోటు తెలియలేదు. తెలిసింది మా మేనత్తకు. పెళ్లైన రెండేళ్లకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఊళ్లో ఎవరి మడిలో నాట్లు పడినా అక్కడ ఉండేది. ఇప్పుడు నాతోపాటు మూడో అంతస్తులో ఉంటుంది.

పొలం పోయిన ఏడాదికి ఆమె కాళ్లకు తిమ్మిర్లు మొదలయ్యాయి. దవాఖానలో అన్ని పరీక్షలూ చేసి, ఏ జబ్బూ లేదు, రోజూ నడవమన్నారు. కాలనీ రోడ్డు మీద నడిచింది.

"ఈ సిమెంటు మీద కాళ్లు నాయి అనిపిస్తలేవే బిడ్డా," అనేది.

ఎవరికీ చెప్పకుండా తనే ఒక మందు కనిపెట్టుకుంది. సాయంత్రం కాలనీ వెనక కుంటకు వెళ్లి, చెప్పులు విడిచి, అంచున బురదలో కాసేపు నిలబడి వచ్చేది. ఆ రోజుల్లో ఇంత అన్నం ఎక్కువ తినేది. పాత పాటలు కూనిరాగం తీసేది. నేను మాత్రం మెట్ల మీద బురద అడుగులు పడ్డాయని కసిరేదాన్ని.

ఒక ఎండాకాలం కుంటలోకి టిప్పర్లు రావడం మొదలైంది. కూలగొట్టిన ఇళ్ల గోడలు, పెంకులు, విరిగిన టైల్స్ తెచ్చి పోస్తున్నారు. మేం ఐదారుగురం ఆడవాళ్లం వెళ్లి దారికి అడ్డంగా నిలబడ్డాం. డ్రైవరు తల బయట పెట్టి, "నన్నెందుకు పరేషాన్ చేస్తరక్కా, పొయ్యమన్నకాడ పోస్తున్న," అన్నాడు. అతని మాటా నిజమే. బండి వెనక్కి తిప్పుకుని పోయాడు కానీ మర్నాడు మేం పనులకు వెళ్లాక ఇంకో రెండు వచ్చాయి. దాంతో అర్జీ రాశాం. భూగర్భ జలాలు, పక్షులు, వానాకాలం వరద అన్నీ పెట్టాను. గర్వంగా అత్తకు చదివి వినిపించాను.

"మంచిగ రాసినవ్. నా కాళ్ల సంగతి రాసినవా?"

"అది అర్జీల రాసేది కాదత్తా," అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాక ఒక అధికారి కొలతలకు వచ్చారు. హద్దురాళ్లు ఎప్పుడో మాయమయ్యాయి. నీళ్లు ఎంతవరకు నిలిచేవో చెప్పగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. మాలో అపార్ట్‌మెంట్లకు కొత్తగా వచ్చినవాళ్లే ఎక్కువ. నేను పుట్టింది ఇక్కడే అయినా నీళ్లను బడి దారిలో చూసినదాన్నే తప్ప దిగినదాన్ని కాదు. అత్త చెప్పులు విడిచి ముందుకు నడిచింది.

అరికాళ్లతో నేలను ఒత్తి చూస్తూ మెల్లగా పోయింది. "ఇది మొరం, గరుకుంటది. ఇగ ఈడికెల్లి ఒండ్రు, మెత్తగ దిగుతది. ఈడ నా మోకాళ్లదాంక వస్తుండె సార్. గాడ నడుముదాంక." అధికారి వెంట వచ్చిన మనిషి ఆమె అడుగుల వెంట సున్నం పోసుకుంటూ నడిచాడు. చెత్త కుప్పలు వచ్చినచోట ఆమె ఆగిపోయింది. ఒక కాలు కాంక్రీటు పెళ్ల మీద పెట్టి తీసేసింది. "ఈడ నాకేం తెలుస్తలేదు సార్," అంటూ మొదటిసారి కంటనీరు పెట్టుకుంది.

పాత నక్షా దొరికాక చూస్తే ఆమె గీతకూ దానికీ పెద్దగా తేడా లేదు. టిప్పర్లు ఆగాయి. పోసినదాంట్లో సగం దాకా తీసేశారు. మరుసటి వానాకాలం నీళ్లు నిలిచాయి. మేం మిఠాయిలు పంచుకున్నాం.

ఆ తర్వాత చుట్టూ ఇనుప కంచె వేశారు. అంచంతా రాతి పరుపు, పైన నడవడానికి టైల్స్ బాట. కంచె కావాలని అర్జీలో అడిగింది మేమే. రాసింది నా చెయ్యే. మళ్లీ ఎవరూ చెత్త పోయకూడదనే తప్ప, అత్త ఎటునుంచి దిగుతుందన్న ఆలోచన నాకు రాలేదు. ఆమె కంచె పట్టుకుని లోపలికి చూసింది.

"నీళ్లను కాపాడిన్రు. మంచిదే. గానీ మనుషుల్ని ఎందుకు బయట పెట్టిన్రే?"

ఇంకో అర్జీ రాశాను. ఈసారి అందులో పక్షులు లేవు. ఒక ముసలామె కాళ్లు, బురద, ఆమె తినే అన్నం, ఆమె పాట ఉన్నాయి. కాలనీ మీటింగులో చదివితే కొందరు నవ్వారు. గేటు పెడితే గలీజు చేస్తారని ఒకరన్నారు. చివరికి పొద్దున పూట తెరిచే చిన్న గేటుకు ఒప్పుకున్నారు. అది రావడానికి ఏడాదిన్నర పట్టింది. అప్పటికి అత్త మోకాళ్లు వంగడం మానేశాయి.

మొన్న తీసుకెళ్లాను. రాతి పరుపు జారుగా ఉంది. ఆమె దిగలేక పైన కూర్చుంది.

"నువ్వు దిగు," అంది.

యాభై ఏళ్లకు దగ్గరపడి మొదటిసారి ఆ కుంటలోకి దిగాను. బురద వేళ్ల సందుల్లోంచి పైకి వచ్చి పాదాన్ని పట్టుకుంది. చల్లగా ఉంది. ఇన్నేళ్లు ఇంత దగ్గరలో ఉండి ఎందుకు దిగలేదా అనిపించింది.

"ఎట్లున్నదే?"

"సల్లగున్నదత్తా."

ఆమె కళ్లు మూసుకుంది. కూర్చున్నచోటే కాలివేళ్లు కదులుతున్నాయి. "జర కుడికి పో. కాలువ వచ్చి కలిసేకాడ ఇసుక తగుల్తది. సన్నది, మెత్తటిది."

కుడికి నడిచాను. కాలికి టైల్ ముక్క తగిలింది, తర్వాత ఇంకొకటి.

"తగిలిందా?"

"ఇంకా లేదత్తా."

"ఉంటది. ఇంకో రెండడుగులు పో."

చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని ఇంకో రెండడుగులు వేశాను.