కాల్చొద్దన్న వెదురు

బొగ్గు లారీల దుమ్ము ఇంట్లోకి రాకుండా గోడ వారగా వెదురు నాటిన తెలివి నాదే. రిటైరయ్యాక గోదావరిఖని శివారులో కట్టుకున్న ఇల్లు. నర్సరీవాడు జల్ది పెరుగుతుందన్నాడు. నేల కింద పాకుతుందని చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడో ఏడు వానలకు మొలకలు పక్కింటి పెరట్లో లేచాయి.

పక్కిల్లు బావది. చుట్టరికమేం లేదు. మేం చర్చికి పోతాం, వాళ్లు మల్లన్నకు మొక్కుతారు. ముప్పై ఏళ్లు ఒకే షిఫ్టులో గని దిగినందుకు ఒకరికొకరం బావలమయ్యాం. ఆయన కోడలు పడుకునే గదిలో ఒక బండ పైకి లేచింది. గనిలో పైకప్పు కొట్టి చూసినట్టే గడ్డపారతో ఆ నేలంతా కొట్టి చూశాను. మూడు చోట్ల డొల్లగా మోగింది. కోడలికి అప్పుడు ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు.

బావ ఒక్కటే అన్నాడు. "తవ్వు, నరుకు, ఏమన్న చెయ్యి బావా. కాల్చకు. వెదురు కాలిస్తె వంశం నిలవదంటరు."

నాకు ఒళ్లు మండింది. అయినా సరేనన్నాను. గోడ పొడవునా నడుం లోతు కందకం తవ్వి, తుక్కు దుకాణంలో కొన్న పాత కన్వేయర్ బెల్టును అందులో నిలువుగా దింపాను. వేరు దాన్ని దాటి పోదు. ఆయన గదిలో బండలు లేపి, లోపలి వేర్లు కూడా లాగేశాను. తవ్విన వేర్లన్నీ పెరట్లో ఓ మూల కుప్ప పోస్తే, నాలుగు వానలకు ఆ కుప్పే చిగురు పెట్టింది. దాన్ని చూసి నా ఓపిక చచ్చిపోయింది. ట్రాలీ ఆటోలో వేసుకుపోయి, ఊరవతల బీడులో డీజిల్ పోసి అంటించాను. గనుపులు ఫట్‌ఫట్‌మని పగులుతుంటే, నిజం చెప్పాలంటే, హాయిగా అనిపించింది.

మూడో రోజు పొద్దున కోడలికి నొప్పులు మొదలయ్యాయి. ఇంకా నెలలు నిండలేదు. దవాఖాన వరండాలో బావ పక్కన కూర్చున్నాను. ఆయన నా ముఖం చూడకుండానే అడిగాడు.

"వేర్లు కాల్చినవా?"

"లేదు బావా. దూరం తీస్కపోయి పారేసిన."

ఆయన నా చెయ్యి పట్టుకుని మధ్యాహ్నం దాకా వదల్లేదు. లోపల ఏదన్నా జరిగితే ఈ చెయ్యి ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. నర్సు వచ్చి ఆడపిల్ల అని, బరువు తక్కువైనా బాగానే ఏడుస్తోందని చెప్పింది.

ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేశారు. బావ పిల్లను తెచ్చి అందరి ముందూ నా ఒళ్లో పెట్టాడు. "గీ మనిషి నా మాట నిలబెట్టిండు. గందుకే నా ఇల్లు నిలబడ్డది," అన్నాడు.

వెదురు కాలిస్తే ఏదో అవుతుందన్న నమ్మకం నాకు ఇప్పటికీ లేదు. ఆయనకు మాత్రం నా మీద ఉంది. పిల్లను బావ భార్యకు అందించి, అన్నం తినకుండానే ఇంటికి వచ్చేశాను.