హమీద్ సారు పొయ్యి పరీక్ష

మంట కనిపిస్తే అబ్దుల్ హమీద్ సారు దాని ముందు కూలబడకుండా ఉండలేకపోయేవాడు. పొయ్యి కానీ, కొలిమి కానీ, ఎవరో గీసిన అగ్గిపుల్ల కానీ, సంచిలోంచి ఓ ఇత్తడి గొట్టం తీసి, ఒక కన్ను మూసి, "జర ఆర్పకుండ్రి!" అనేవాడు. దేవరకొండ బడిలో సైన్సు చెప్పేవాడు. మా పక్కింట్లోనే కిరాయికి ఉండేవాడు కనుక ఆయన గురించి నాకు తెలియనిది లేదు. తెలియనిదేమైనా ఉంటే గోడ మీదుగా అడిగి తెలుసుకున్నాను.

బండి తోలే సాయిలు ఓసారి బీడీ ముట్టించబోయి ఆయన చేతికి చిక్కాడు.

"ఊదకు సాయిలూ, మంట కదుల్తాంది!"

"వేలు కాల్తాంది సారూ!"

"కాలనీ, ఇంకో పుల్ల గియ్యి. ఒక్క గీత తప్పిపోయింది."

నాలుగు పుల్లలు అయిపోయాయి. బీడీ మాత్రం ముట్టలేదు. ఆ రోజు నుంచి సాయిలు మా వీధి దాటేదాకా బీడీని తలపాగాలోంచి తీసేవాడు కాదు.

"ఆ గొట్టంల ఏం కనబడ్తది సారూ?" అని అడిగాను నేను.

"గీతలక్కా. వెలుగును రంగుల గీతలుగ ఇడదీస్తది గిది. మంటల ఉప్పు చల్లితే పసుపు గీత. ఒక్కోదానికి ఒక్కో తీరు."

పరమాణువులో ఎలక్ట్రాన్లని సన్న కణాలుంటాయట. అవి పై మెట్టు నుంచి కింది మెట్టుకు దూకితే వెలుగు గీత పడుతుందట. సారు ప్రాణమంతా సీసమనే లోహం మీద. సీసానికి ఎనభై రెండు ఎలక్ట్రాన్లు. అందులో డెబ్బై తొమ్మిది ఊడబీకి మూడే మిగిలిస్తే గీత ఎక్కడ పడుతుందో ఆరేళ్లుగా లెక్క కడుతున్నాడు.

"గన్ని బట్టలిప్పితే సలి పెట్టదా సారూ దానికి?"

"సలి కాదక్కా! గన్ని ఊడాలంటే సూర్యుని కంటె ఎక్కువ వేడి గావాలె. మన పొయ్యిల ఒక్కటి ఊడితే గొప్ప."

"మరి కొలిచేదెట్ల?"

"లెక్క నా వంతు. కొలిచెటోడు ఎన్నడో పుడ్తడు తియ్యి."

పోలీసు యాక్షన్‌కు ముందటి ఎండాకాలంలో మా వీధి కౌసల్య మొగుడు యాదగిరి నిజాం మీద తిరగబడ్డ సంఘంలో కలిసి అడవికి పోయాడు. సంఘపోళ్ల ఇంటికి గింజలిచ్చినవాళ్లను ఠాణాకు పట్టుకుపోతున్నారు. దుకాణంవాడు ఆమెకు అమ్మడం మానేశాడు. ఇరుగుపొరుగువాళ్లం తలుపులు వేసుకున్నాం, నేనూ వేసుకున్నాను. హమీద్ సారు మాత్రం రోజూ పొద్దున్నే గొట్టం ఓ చేత, సంచీ ఓ చేత పట్టుకుని కౌసల్య పొయ్యి చూడ్డానికి పోయేవాడు.

ఒకనాడు ఠాణా జమేదారు కౌసల్య ఇంటి మీదికి వచ్చి పడ్డాడు. లొల్లి వినపడగానే నేనూ పోయాను.

"క్యా మాస్టర్ సాబ్, సంచిల ఏముంది?"

"జొన్నలు సాబ్."

"సంఘపోని ఇంటికి జొన్నలా!"

"తిననీకి కాదు సాబ్, పరీక్షకు. ఉత్త మంట నిలకడగ ఉండదు. పైన కుండల జొన్నలు ఉడకాలె. రెండు గంటలు."

"ఉడికినంక?"

"ఉడికినంక నాకు పనికిరావు. పారేస్తం."

నా బుర్రలో పురుగు తొలిచింది. మన పొయ్యిలో సీసం ఎలక్ట్రాన్లు ఊడవని చెప్పింది ఈయనే కదా, ఇక ఇక్కడ పరీక్షేమిటి! నా నోరు ఆగితేనా?

"సారూ, మరి మన పొయ్యిల..." అని మొదలుపెట్టాను.

సారు మొహం సున్నం కొట్టినట్టయింది. కౌసల్య ఇద్దరు ఆడపిల్లలు ఖాళీ గిన్నెలు ఒళ్లో పెట్టుకుని నావైపే చూస్తున్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక ప్రశ్నను సగంలో మింగేశాను.

"...మన పొయ్యిల గీతను జమేదార్ సాబ్‌కు సూపియ్యిండ్రి!" అన్నాను.

సారు చిటికెడు ఉప్పు మంటలో వేశాడు. జమేదారు గొట్టంలోకి చూసి, "అరె, పసుపు గీత!" అని పిల్లాడిలా నవ్వాడు. అదే జమేదారు చేసిన పొరపాటు. సారు లెక్కల పుస్తకం తెరిచాడు.

"గిది ఉప్పు గీత సాబ్. ఇగ సీసం సంగతి ఇనుండ్రి. మిగిలిన మూడు ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి ఎంత నూకుతయంటే..."

ఏడో పేజీలో జమేదారు టోపీ తీసి విసురుకున్నాడు. పదకొండో పేజీలో లేచి నిలబడ్డాడు.

"బస్, మాస్టర్ సాబ్! ఉడికిచ్చుకో, పారేసుకో!"

"సాబ్, అసలు లెక్క పన్నెండో పేజీల ఉంది!" అని సారు వీధి మలుపుదాకా వెంటబడ్డాడు. నటన కాదు, నిజంగానే చెబుదామని.

మర్నాడు నేను కొంగులో కందిపప్పు మూట కట్టుకుని కౌసల్య ఇంటికి పోయాను. సారు అప్పటికే పొయ్యి ముందున్నాడు.

"సారూ, మంట మీద కందిపప్పు ఉడికితే గీత ఎట్ల పడ్తదో ఎన్నడన్న సూసిండ్రా?"

ఆయన నన్నూ, నా కొంగునూ చూశాడు. కళ్లజోడు సర్దుకుని, పుస్తకంలో చాలా గంభీరంగా ఏదో అంకె రాసుకున్నాడు.

"సూడలేదక్కా. తక్కువల తక్కువ నెలరోజులు పరీక్ష పెట్టాలె. జర చింతపండు గూడ పట్టుకరా."