మా పిన్ని నీళ్లు మానేసిన వేసవి

పోయిన వారం పొద్దున మొక్కలకు నీళ్లు పెడుతూ పక్కింటి వరండా వైపు చూశాను. టై కట్టుకున్న ఒకాయన బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టి, ఇనప ఊచలున్న చిన్న పెట్టెను వాటిలోకి దించి ప్లగ్గు పెట్టాడు. కాసేపటికి ఒక గ్లాసులో నీళ్లు పసుపయ్యాయి, తర్వాత ఇటుకరంగుకు తిరిగాయి, ఆ తర్వాత బురదలాంటి ముద్దలు పైకి తేలాయి. పక్కింటావిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ ఊచల కిటుకేమిటో నాకు తెలుసు, నా కళ్లముందే విడమరిచి చెప్పినవాళ్లున్నారు. అయినా చేతిలో పైపు జారిపోయింది. పైపు అక్కడే వదిలేసి మెట్ల మీద కూర్చున్నాను. మా పిన్ని కళ్లముందు నిలిచింది.

పిన్ని మా అమ్మ చెల్లెలు. చిన్నతనంలోనే భర్త పోతే, మా సంఘంలో బైబిల్ స్త్రీగా పనిచేసింది. అంటే ఊరూరా తిరిగి ఇళ్లలో ప్రార్థనలు చేయడం, జబ్బుపడ్డవాళ్లను పలకరించడం, ఆడవాళ్లకు అక్షరాలు నేర్పడం. తెల్ల నేత చీర, చంకలో సంచి, రబ్బరు చెప్పులు. పత్తి చేలగట్ల వెంట, మిరప కళ్లాల మధ్య నుంచి ఆమె నడవని దారి లేదు. ఎవరింట్లో ఏ నీళ్లిస్తే అవే తాగేది. చెరువు నీళ్లు, బావి నీళ్లు, చేలో మోటారు దగ్గర పడే నీళ్లు. కొన్ని ఇళ్లలో చెంబు చేతికివ్వకుండా పైనుంచి పోసేవాళ్లట, దోసిలి పట్టి తాగేది. ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆమెకు కోపం వచ్చేది మనుషుల మీదే, నీళ్ల మీద కాదు. "ఆ ఊరి నీళ్లు మాత్రం భలే తియ్యన అమ్మాయ్" అని చివర్లో ఒక ముక్క చేర్చేది. వయసు మీద పడ్డాక నాకు తోడుగా మా ఇంటికి వచ్చేసింది.

అప్పటికి మేము బ్రాడీపేటలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, పెదకాకాని వెళ్లే దారిలో ఒక వెంచరులో సొంత ఇల్లు కట్టుకున్నాం. ఇల్లు బాగుంది, గాలి బాగుంది, బోరు నీళ్లే బాగా లేవు. గృహప్రవేశమైన కొద్ది నెలలకే కుళాయిల మూతులకు తెల్లటి పెచ్చులు కట్టాయి. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. కందిపప్పు ఎన్ని విజిల్స్ వేసినా పలుకుగానే ఉంటుంది. గీజరు రెండోసారి పాడయ్యాక మెకానిక్ లోపలి కాయిల్ బయటికి తీస్తే, సున్నంలో ముంచి తీసిన చెరుకుగడలా ఉంది. తాగడానికి నీళ్ల ప్లాంటు నుంచి టిన్నులు వచ్చేవి. మిగతా అన్నిటికీ ఆ బోరే. మావారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు, చేతినిండా ఖాళీ. ఇల్లంతటికీ కలిపి ఒకే మెషీను పెట్టించేస్తానని పూనుకుని, కంపెనీలవాళ్లిచ్చిన కాగితాలన్నీ పరీక్షకు చదివినట్టు చదివేవారు. ఏ కాగితం చదివిన రోజు ఆ మెషీనే లోకంలో గొప్పది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేనమామ పోయాడు. ఆయన పిన్నికి తమ్ముడు, ప్రకాశం జిల్లా పడమటి వైపు, మా అమ్మావాళ్ల ఊళ్లో ఉండేవాడు. కిడ్నీలు రెండూ పనిచేయడం మానేస్తే, రోజు విడిచి రోజు ఒంగోలు తీసుకెళ్లి డయాలసిస్ చేయించేవాళ్లు. ఆ ఊళ్లో అలా పోయినవాళ్లు ఇంకొందరున్నారు. నీళ్ల వల్లేనని కొందరన్నారు, కాదని కొందరన్నారు, తేల్చి చెప్పినవాళ్లు లేరు. చివరి రోజుల్లో పిన్ని వెళ్లి తమ్ముడి దగ్గర ఉంది. డాక్టర్లు ఆయనకు నీళ్లు కొలిచి ఇమ్మన్నారు. ఎండలకు నాలుక పిడచకట్టి, "ఒక్క గుక్కే అక్కా, ఒక్క గుక్క" అని ఆయన చెయ్యి పట్టుకుని అడుగుతుంటే, తడిగుడ్డతో పెదాలు అద్దుతూ కూర్చుందట. తిరిగొచ్చాక ఆ ఒక్క సంగతీ చెప్పింది, మళ్లీ ఎత్తలేదు.

నెల తిరక్కముందే మావారు పిలిపించిన మనిషి ఊచల పెట్టెతో వచ్చాడు. మా హాల్లో సోఫా ముందు బల్ల మీద బోరు నీళ్ల గ్లాసు, తన సంచిలోంచి తీసిన ఫిల్టరు నీళ్ల గ్లాసు పక్కపక్కన పెట్టాడు. ప్లగ్గు పెట్టగానే మా గ్లాసు ఎర్రబారి, నల్లబడి, ముద్దలు ముద్దలుగా విరిగింది. ఆయన గ్లాసు అలాగే తేటగా ఉంది. "చూడండమ్మగారూ. మీ ఒంట్లోకి పోతోంది ఇదేనండీ. కిడ్నీలు ఎన్నాళ్లని వడకడతాయి చెప్పండి" అన్నాడు. కిడ్నీ అన్న మాట వినగానే పిన్ని కుర్చీలోంచి లేచింది. వంటింట్లోకి వెళ్లి టిన్నులోంచి ఒక గ్లాసు పట్టుకొచ్చి, "ఇవి కూడా చూడు నాయనా" అంది. అవీ రంగు మారాయి, కొంచెం తక్కువ, అంతే. పిన్ని ఆ గ్లాసు పైకెత్తి కిటికీ వెలుతురులో చాలాసేపు చూసింది. మావారు ఆలోచించి చెబుతామని ఆయన్ను పంపేశారు. పిన్ని ఆ గ్లాసును పెరట్లోకి తీసుకెళ్లి పారబోసి, చేతులు కడుక్కోబోయి, కుళాయి తిప్పకుండానే చీరకు తుడుచుకుంది.

ఆ రోజు నుంచి ఆమె నీళ్లు తాగడం మానేసింది. మాకు తెలియదు. ఆమె మంచం పక్కన గ్లాసు ఎప్పుడు చూసినా నిండుగానే ఉండేది, తాగి మళ్లీ నింపుకుందనుకునేవాళ్లం. కాఫీ ఒక గుక్క తాగి మిగతాది సింకులో పోసేది. అన్నం వాసనేస్తోందని పక్కన పెట్టేది. పెరుగు, అరటిపండు చాలనేది. కొబ్బరిబోండాం మాత్రం ఇష్టంగా తాగేది. "దేవుడు సీలు వేసి పంపించాడు, ఇందులో ఎవడూ ఏమీ కలపలేడు" అనేది. ఆ మాటకు మేము నవ్వుకున్నాం కూడా. కానీ వీధిలోకి బోండాల బండి రోజూ వచ్చేది కాదు. మే నెల వచ్చేసరికి మిర్చి యార్డు వైపు నుంచి ఘాటుతో వడగాలి కొడుతుంటే, ఉత్తపుణ్యానికే గొంతు ఎండిపోయే రోజులు. వాటికి తోడు ఆమెకు బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తీసేసే రకం.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్లు దిగుతూ పిన్ని నా భుజం పట్టుకుంది. "అమ్మాయ్, మెట్లు కదులుతున్నాయేమే?" అంది. నేను నవ్వి తిరిగి చూసేలోపే నా మీదకు వాలిపోయింది. పెదాలు పగిలి, ఒళ్లు కాలిన రొట్టెలా పొడిగా ఉంది. ఎవరో నీళ్ల సీసా తెచ్చి నోటికి అందిస్తే, స్పృహ సగమే ఉన్నా పళ్లు బిగబట్టింది. ఆ బిగబట్టిన పళ్లు చూసినప్పుడు మొదటిసారి నాకు భయమేసింది.

ఆటోలో బ్రాడీపేటలో తెలిసిన ఆసుపత్రికి తీసుకెళ్లాం. సెలైన్ ఎక్కించి, రక్తం తీసి, మూత్రానికి గొట్టం పెట్టి మంచం కింద సంచి తగిలించారు. ఆ సంచిలో ఏమీ పడలేదు. డాక్టరమ్మ రిపోర్టు చూసి నన్ను పక్కకు పిలిచి, "కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయండీ. ఒంట్లో నీరు లేదసలు. సెలైన్‌కి తేరుకుంటే సరే, లేకపోతే డయాలసిస్ ఆలోచించాలి" అంది. మా మేనమామకు చెప్పిన మాట ఇది. నేను ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని సంచి వైపే చూస్తూ ఉండిపోయాను. నర్సు వచ్చినప్పుడల్లా వంగి చూసి వెళ్లిపోయేది. ఆమె మొహంలో ఏదైనా కనబడుతుందేమోనని వెతికేదాన్ని. ఇల్లు కట్టుకుని ఈ మనిషిని తెచ్చి ఆ నీళ్ల మధ్య పెట్టాం, అవి నిజంగానే విషమైతే మేమూ అదే దారిలో ఉన్నామా అనిపించింది. నా చేతులు నేనే తిప్పి చూసుకున్నాను, వాచాయేమోనని.

మర్నాటికి సంచి అడుగున ముదురు తేనె రంగులో కాస్త చేరింది. ప్రార్థన చేయడానికి వచ్చిన పాస్టరుగారికి ఆ సంచే చూపించాను, పాపం ఆయనకు ఎటు చూడాలో తోచలేదు. పిన్ని తెలివి వచ్చి కళ్లు తెరిచాక డాక్టరమ్మ మంచం మీద కూర్చుని అడిగింది, "పెద్దమ్మగారూ, రోజుకి నీళ్లు ఎన్ని తాగుతున్నారు?" పిన్ని గోడ వైపు తిరిగింది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని లాగి, "నువ్వు కూడా తాగొద్దే. మావాడు ఎలా పోయాడో చూశాను నేను" అంది. అప్పుడు బయటపడింది సంగతంతా. ఆసుపత్రిలో సీలున్న సీసా తెచ్చినా, ముందు నేను తాగి, కొంచెంసేపు నా మొహం పరిశీలించాకే ఆమె ఒక గుక్క వేసుకునేది. ఇంటికి పంపుతూ డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది, ఇంటి దగ్గర మళ్లీ మానేస్తే ఈసారి కిడ్నీలు తేరుకుంటాయని తను మాటివ్వలేనని.

మావారు కంపెనీ కాగితాలన్నీ పక్కన పడేసి, శుభ్రమైన సీసాలో బోరు నీళ్లు పట్టి పరీక్షకు ఇచ్చి వచ్చారు. రిపోర్టు వచ్చేవరకు మా ఇద్దరికీ అన్నం సరిగా సహించలేదు. తెరిచి చూస్తే, సున్నం లాంటి లవణాలు చాలా ఎక్కువ, కరిగిన ఉప్పులూ ఎక్కువే, ఫ్లోరైడ్ హద్దు దాటలేదు కానీ హద్దుకు దగ్గరగా ఉంది. విషం కాదు, అలాగని నిశ్చింతగా తాగే నీళ్లూ కావు. మావారి స్నేహితుడొకాయన కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. ఆయన రిపోర్టు చదివి, ఒకే మెషీను ఆలోచన మానుకోమన్నారు. "సాఫ్ట్‌నర్ స్నానానికీ బట్టలకీ గీజరుకీ. అది సున్నం తీసేసి దాని బదులు సోడియం వదులుతుంది. తాగడానికి కాదు, బీపీ ఉన్న మనిషికి అసలే వద్దు. తాగడానికీ వంటకీ వంటింట్లో విడిగా ఆర్వో పెట్టించు" అన్నారు. సాఫ్ట్‌నర్‌లో వారం వారం ఉప్పు పోయాలని వినగానే, ఉప్పు నీళ్లు పోవడానికి మళ్లీ ఉప్పేమిటని మావారు చాలా వాదించారు.

ఆ పెద్దమనిషే పిన్ని కోసం ఊచల పెట్టె ఒకటి సంపాదించుకొచ్చారు. తమ ఇంటి నుంచి తెచ్చిన ఆర్వో నీళ్ల గ్లాసులో ఊచలు పెట్టి చూపించారు, తేటగా ఉంది. ఆ గ్లాసులోనే మా వంటింటి ఉప్పు చిటికెడు వేసి మళ్లీ పెట్టారు. నీళ్లు ఎర్రబడి ముద్దలు కట్టాయి. "చూశారామ్మా? ఉప్పుంటే కరెంటు పారుతుంది. కరెంటు పారితే ఇనుము కరిగి ఊడొస్తుంది. ఈ మడ్డంతా ఊచలదే, నీళ్లది కాదు." పిన్ని శ్రద్ధగా వింది. ఊచల్ని వేలితో తాకి చూసింది. "అర్థమైంది నాయనా, వాడు మోసం చేశాడు" అంది. గ్లాసెడు నీళ్లు అందిస్తే మాత్రం పక్కన పెట్టేసింది. "బుర్రకి తెలిసిందమ్మాయ్. గొంతే ఒప్పుకోవట్లేదు."

బోండాలు వెతికి తెచ్చి నెట్టుకొస్తుండగా మెషీన్లు బిగించే రోజు వచ్చింది. ఫిట్టరు యాభై దాటినవాడు, మార్టూరులో రాళ్లు పాలిష్ పట్టే యూనిట్లో చేసి, దగ్గు పట్టుకుని ఈ పనిలోకి మారాడట. పొద్దున బయట ట్యాంకు దగ్గర సాఫ్ట్‌నర్ నిలబెట్టి, మధ్యాహ్నానికి వంటింటి గోడకు కన్నాలు వేశాడు. కొత్త ఆర్వో ట్యాంకు ఒకసారి నిండాక పారబోయించి, మళ్లీ నిండనిచ్చాడు. పిన్ని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని అన్నీ చూస్తోంది, తెల్లారినప్పటి నుంచి ఆమె నోట్లోకి సగం బోండాం నీళ్లు తప్ప ఏమీ పోలేదు. నేను గడియారం వైపు, ఆమె పెదాల వైపు మార్చి మార్చి చూస్తున్నాను. ఫిట్టరు చెమట తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్లి, బోరు కుళాయి కింద దోసిలి పట్టి వంగాడు.

"ఒరేయ్ నాయనా, ఆగు! ఆ నీళ్లు తాగకు!" పిన్ని అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. గోడ పట్టుకుని లేచి, నన్ను తోసుకుని వంటింట్లోకి వెళ్లి, కొత్త కుళాయి కింద పెద్ద స్టీలు గ్లాసు నింపి పెరటి గుమ్మం దాకా తీసుకెళ్లింది. "ఇవి తాగు. మంచివి."

అతను అందుకోలేదు. "ఇయ్యి చప్పగా ఉంటాయమ్మా, నోటికి పట్టవు. అయినా నేనే బిగిస్తాను గానీ ఇయ్యి మంచివో కాదో నాకూ అనుమానమే" అని నవ్వాడు. "మీరు తాగుతున్నారా?"

పిన్ని గ్లాసు వైపు చూసింది. కాసిని నీళ్లు తొణికి ఆమె పాదాల మీద పడ్డాయి. నేను కదలలేదు, మావారు నోరు తెరవబోతే చేత్తో ఆపాను. ఆమె కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. తర్వాత తల వెనక్కి వంచి, గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంది. గొంతు కదలడం కనబడింది, ఒకసారి, మళ్లీ ఒకసారి. సగం గ్లాసు అయ్యాక ఆపి, ఊపిరి పీల్చుకుని, మిగతాది అతని ముందుకు చాపింది. "చప్పగానే ఉన్నాయిరా. తాగు."

అతను తాగాడు.

పిన్ని ఆ తర్వాత కొన్నేళ్లు బతికింది. చివరికి గుండె ఆగి పోయింది, కిడ్నీలు ఆమెను ఏమీ చేయలేదు. నీళ్లలో ఉప్పులు కొలిచే పెన్నులాంటి మీటరొకటి మావారి చేత కొనిపించుకుని, కళ్లజోడు పెట్టెలో పెట్టుకుని తిరిగేది. పెళ్లి భోజనాల్లో, సంఘం విందుల్లో, గ్లాసు ముందుకు రాగానే అందులో ముంచి అంకె చూసుకున్నాకే తాగేది. పక్కన కూర్చున్నవాళ్లు కూడా సిగ్గుపడుతూ తమ గ్లాసులు ముందుకు జరిపేవాళ్లు. అందరం నవ్వేవాళ్లం, ఆమె కూడా నవ్వేది, నవ్వుతూనే అంకె మాత్రం చూసేది. ఇప్పుడు నాకు దాదాపు అప్పటి ఆమె వయసు. మా ఇంట్లోకి భయం వచ్చిన పూట ఏదో, ఆ కిటికీ వెలుతురు ఎలా ఉందో నేను ఇప్పటికీ చెప్పగలను. అది ఎప్పుడు వెళ్లిపోయిందో, అసలు వెళ్లిందో లేదో, ఇన్నేళ్లు గడిచినా చెప్పలేను.