ఎడమ పెడల్

ఒక్క అబద్ధమూ ఆడకుండా మీరెప్పుడైనా మనిషిని మోసం చేశారా?

నిన్న జర్మనీలో, హానోవర్‌లో మా వదిన తన మనవరాలికి పియానో నేర్పుతోంది. "ఎడమ పెడల్ తొక్కవే." "లైజర్, నానమ్మా?" జర్మన్‌లో అడిగింది పిల్ల. "ఆఁ, మెల్లగానే. స్వరం మారదు, చప్పుడే తగ్గుద్ది." పక్క గదిలో పేపరు చదువుతున్న నాకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. నిజాన్ని నీరుగార్చి చెప్పేవాళ్లను ఒకప్పుడు నాస్తిక సభల్లో, ఈ ఎడమ పెడల్ పేరే పెట్టి "సాఫ్ట్ పెడల్ తొక్కకండి" అని నిలదీసినవాణ్ని నేను. కరోనా కాలంలో నా కోపం వదిన వెళ్లే తెలుగు ప్రార్థన సమాజం మీద పడింది. "ప్రార్థనకు వైరస్ భయపడదు, మాస్కు పెట్టండి" అని వాళ్ల వాట్సాప్ గ్రూపులో రోజుకో ఉపన్యాసం దంచేవాణ్ని. పాపం, వాళ్లు పెట్టుకున్నారు కూడా. మాస్కు తీసింది నేనే. ఒక మిత్రుడి ఇంట్లో నలుగురు నాస్తికులం బిర్యానీ తింటూ మూఢనమ్మకాలను చీల్చి చెండాడాం.

మూడో రోజు ఒళ్లు వెచ్చబడింది. ఇంట్లో టెస్టు కిట్టుంది. రెండో గీత కనిపిస్తే ఆ గ్రూపులో నా పరువేం కావాలని దాన్ని విప్పలేదు. రుజువు లేనిదే నమ్మనని చెప్పుకు తిరిగినవాణ్ని, రుజువుకే మొహం చాటేశాను. ఆ సాయంత్రం ఆన్‌లైన్ ఆరాధనకు పాటల రికార్డింగు. వదిన మాస్కు తీసి వాయిస్తూ పాడాలి, నేను పక్కన నిలబడి పేజీలు తిప్పాలి.

"ఏమయ్యా, కళ్లు ఎర్రగున్నాయి, జ్వరమా?"

"అబ్బే, కాస్త గొంతు గరగర, వదినా."

గరగర నిజమే. స్వరం మార్చలేదు, చప్పుడు తగ్గించానంతే.

మర్నాడు కిట్టు విప్పితే రెండు గీతలు. వారం తిరక్కుండా వదినను ఆస్పత్రిలో చేర్చారు. బతికి బయటపడింది. వేళ్లు మళ్లీ పియానో మెట్ల మీద ఆడాయి గానీ గొంతు తిరిగి రాలేదు, రెండు చరణాలకే ఊపిరి అందదు. సమాజంలో అందరూ "దేవుడి చిత్తం" అన్నారు. జీవితంలో మొదటిసారి నేనా మాటను ఖండించలేదు. అది నాకు అక్కరకొచ్చింది.

నిన్న పాఠం అయ్యాక ఆమె ఎదుట కూర్చుని అంతా చెప్పాను. వదిన గుడ్డ తీసుకుని పియానో మూత తుడిచింది. "ఆ రోజే చెప్పుంటే పేజీలు నేనే తిప్పుకునేదాన్ని కదయ్యా," అంది.

కాలం గడిస్తే తప్పు చిన్నదవుతుందని ఇన్నేళ్లూ నమ్మాను. అదీ మూఢనమ్మకమే. మీరు తగ్గించి చెప్పిన మాట ఎవరికి ఏం చేసిందో మీకు తెలుసు. లేవండి, వెళ్లి వాళ్లకు పూర్తిగా చెప్పండి.